ముందు మాటలు, తర్వాతే రంగులు

వెబ్‌సైట్ల గురించి ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. ఒకే సందేహం పదిమంది అడిగిన చోట అందులో ఒక ఉత్తరం ఎంచుకుని జవాబు రాశాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు, అందుకే ఎవరివీ వేయడం లేదు. వ్యాపారం చేసేవాళ్లకు సైట్లు తయారుచేసి ఇచ్చే పని నేను 2009 నుంచి చేస్తున్నాను. ఇక్కడ చెప్పేవన్నీ ఆ పనిలో ఎదురైనవే.

ప్రశ్న: మేడం, నేను ఫిజియోథెరపిస్టుని, సొంత క్లినిక్ ఉంది. వెబ్‌సైట్ చేయిద్దామని ఒక డిజైనర్‌ని పిలిస్తే "మీకేం కావాలో చెప్పండి" అన్నారు. నాకు నచ్చిన మూడు సైట్లు చూపించి ఇలా ఉండాలన్నాను. నెల తిరిగేసరికి అందంగానే చేసి తెచ్చారు. కానీ అందులో నా క్లినిక్ కనిపించడం లేదు, ఇంకెవరిదో చూస్తున్నట్టుంది. మళ్లీ మొదలుపెట్టాలంటే దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: మీరిద్దరూ రంగుల దగ్గర మొదలుపెట్టారండీ. మాటల దగ్గర మొదలుపెట్టి ఉండాల్సింది. మీ క్లినిక్ గురించి రాసిన కాగితం ఒక్కటీ చేతికి అందకపోతే డిజైనర్ మాత్రం ఏం చేస్తారు? ఎక్కడైనా సరిపోయే వాక్యాలు పెడతారు. "నాణ్యమైన సేవలు", "అనుభవజ్ఞులైన బృందం", "మీ సంతృప్తే మా ధ్యేయం". ఇవే వాక్యాలు లాయరు సైట్‌లో పెట్టినా నప్పుతాయి, లారీలు అద్దెకిచ్చేవాళ్ల సైట్‌లో పెట్టినా నప్పుతాయి. మీకు పరాయిగా అనిపించింది అందుకే.

ఏ పని ఒప్పుకున్నా నేను ముందు అడిగేది ఒకటే. ఫోన్ పక్కన ఒక నోటుపుస్తకం పెట్టండి. రెండు వారాల పాటు, ఫోన్ చేసినవాళ్లు ఏం అడిగారో వాళ్ల మాటల్లోనే రాయండి. దిద్దకండి, మర్యాదగా మార్చకండి. వాట్సాప్‌లో వచ్చిన ప్రశ్నలు కూడా అందులో ఎక్కించండి. రిసెప్షన్‌లో ఎవరైనా ఉంటే పుస్తకం వాళ్ల చేతికే ఇవ్వండి. మీ దాకా రాని ప్రశ్నలన్నీ వాళ్లే వింటుంటారు.

మీ వృత్తిలోనే ఉన్న ఒకావిడ రాసిచ్చిన పుస్తకం ఇప్పటికీ నా కళ్ల ముందుంది. ఆవిడ సేవల జాబితాలో "ఫ్రోజెన్ షోల్డర్ చికిత్స" అని ఉంది. పుస్తకంలో ఆ మాట ఒక్కసారి కూడా లేదు. "చెయ్యి పైకి లేవట్లేదండీ." "చొక్కా వేసుకోవాలంటే ప్రాణం పోతోంది." "ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నాను." పదకొండు మంది ఇలా అడిగారు. మేం ఆ పేజీకి "చెయ్యి పైకి లేవడం లేదా?" అనే శీర్షిక పెట్టి, ఫ్రోజెన్ షోల్డర్ అనే పేరు దాని కింద వివరణలోకి తెచ్చాం. నొప్పితో ఉన్న మనిషికి జబ్బు పేరు తెలియదు. సెర్చ్‌లో కొట్టేది కూడా తన బాధనే. ఆ మాటలు మీ పేజీలో ఉంటే మీరు దొరుకుతారు. అన్నిటికన్నా ముఖ్యం, చదివిన మనిషికి "ఇది నా గురించే" అనిపిస్తుంది.

రెండు వారాలయ్యాక ఆ ప్రశ్నలను చీటీలుగా కత్తిరించి బల్ల మీద గుట్టలు వేయండి. ఒక్కో గుట్ట ఒక్కో పేజీ. మీకు బహుశా ఇలా తేలుతుంది: ఏ నొప్పులకు ఏం చేస్తారు, మొదటిసారి వస్తే ఏం జరుగుతుంది, ఫీజు ఎంత, మీరెవరు, ఎప్పుడు ఎలా రావాలి. ఐదారు పేజీలు మించవు, మించాల్సిన అవసరమూ లేదు. మొదటిసారి వచ్చేవాళ్ల పేజీ మీద శ్రద్ధ పెట్టండి. ఎంతసేపు పడుతుంది, ఎలాంటి బట్టలు వేసుకోవాలి, పాత స్కాన్ రిపోర్టులు తేవాలా, తోడుగా ఒకరు రావచ్చా. మీకు ఇవి చిన్న విషయాలు. వచ్చేవాళ్ల టెన్షన్ అంతా వీటి చుట్టూనే ఉంటుంది.

ఫీజు రాయడానికి చాలామంది జంకుతారు. కచ్చితంగా చెప్పలేకపోతే ఇంత నుంచి ఇంత వరకు అని రాయండి, ఎందుకు మారుతుందో ఒక వాక్యంలో చెప్పండి. "వివరాలకు సంప్రదించండి" అని మాత్రం వదిలేయకండి. సిగ్గుపడి అడగలేనివాళ్లు ఆ పేజీ మూసేసి పక్క సైట్‌కి వెళ్లిపోతారు, వెళ్లారన్న సంగతి కూడా మీకు తెలియదు.

హోమ్ పేజీ అన్నిటికన్నా చివర రాయండి. ఫోన్‌లో తెరవగానే, వేలు కదపకముందే నాలుగు విషయాలు కనిపించాలి: మీరేం చేస్తారు, ఎవరికి చేస్తారు, ఎక్కడ ఎప్పుడు ఉంటారు, తర్వాత ఏం నొక్కాలి. బటన్ ఒక్కటే ఉండాలి. "స్వాగతం" అనే మాటకు అక్కడ చోటివ్వకండి. వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశోధించిన జేకబ్ నీల్సన్ బృందం 1997లోనే మనుషుల్ని కూర్చోబెట్టి పరీక్షించింది. కొత్త పేజీ తెరిచినవాళ్లలో 79 శాతం మంది పైపైన చూపు పరిగెత్తించారు, పదం పదం చదివింది 16 శాతమే. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను పక్కన కూర్చుని చూసినప్పుడల్లా ఇదే కనిపిస్తోంది. అందుకే ప్రతి పేరాలోనూ అసలు సంగతి మొదటి వాక్యంలోకి రావాలి.

ఈ రాతంతా తయారయ్యాక అదే డిజైనర్‌ దగ్గరికి వెళ్లండి. ఆయన పనిమంతుడే, చేతికి సరుకు అందలేదంతే. నచ్చిన సైట్లు చూపించడం కూడా తప్పేం కాదు. కాకపోతే "ఇలా ఉండాలి" అనకుండా, "ఈ సైట్‌లో టైమింగ్స్ వెంటనే దొరికాయి, అది నచ్చింది" అని చెప్పండి. అప్పుడు ఆయనకు పని తెలుస్తుంది.

ప్రశ్న: గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ అంటూ ఒకరు రోజూ మెయిల్ పంపుతున్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. మొదటి స్థానాన్ని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసిపెట్టింది.

ప్రశ్న: మేడం, మాది యంత్రాలకు విడిభాగాలు తయారుచేసే చిన్న సంస్థ. నాన్నగారు మొదలుపెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఆరేళ్ల కిందట ఒకాయన మాకు సైట్ చేసిచ్చారు. డొమైన్, హోస్టింగ్ అన్నీ ఆయనే చూసుకునేవారు, ఏటా డబ్బు కట్టేవాళ్లం. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. సైట్‌లో ఒక నంబరు మార్చాలన్నా దిక్కు తోచడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఈ ఉత్తరం చదివి నిజంగా బాధేసింది. ఇలాంటివి ఏటా మూడో నాలుగో నా దగ్గరికి వస్తాయి. ముందు మూడు వస్తువులను విడివిడిగా చూడటం అలవాటు చేసుకోండి. డొమైన్ అంటే మీ పేరు, అంటే చిరునామా. హోస్టింగ్ అంటే సైట్ ఉండే చోటు. మూడోది అసలు సైట్, అంటే ఫైళ్లు, రాతలు, ఫొటోలు. సైట్ పోతే మళ్లీ కట్టుకోవచ్చు. హోస్టింగ్ మార్చుకోవచ్చు. పేరు పోతే మాత్రం విజిటింగ్ కార్డుల నుంచి మెయిల్ అడ్రస్ వరకు అన్నీ పోతాయి. కాబట్టి మీ దృష్టంతా ముందు డొమైన్ మీదే ఉండాలి.

ఈరోజే ఐక్యాన్ లుకప్ పేజీలో మీ డొమైన్ పేరు కొట్టి చూడండి. డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే సంస్థ అది. యజమాని వివరాలు దాచి ఉండొచ్చు, కానీ ఏ రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లు అమ్మే సంస్థ) దగ్గర ఉంది, గడువు ఎప్పుడు తీరుతుంది అన్నవి కనిపిస్తాయి. గడువు తేదీ రాసుకోండి. మీకున్న సమయం అంతే.

తర్వాత పాత రసీదులు, పాత మెయిళ్లు తవ్వండి. రిజిస్ట్రెంట్‌గా, అంటే డొమైన్ యజమానిగా, మీ సంస్థ పేరు రాసి ఉంటే మీ పరిస్థితి చాలా మెరుగు. ఆయన ఖాతాలో ఉన్నా సరే, సంస్థ పత్రాలు చూపించి రిజిస్ట్రార్‌తో నేరుగా మాట్లాడొచ్చు. ఆయన పేరే ఉంటే మాత్రం ఎలాగోలా ఆయన్ని కలవక తప్పదు. గొడవతో మొదలుపెట్టకండి. బాకీ ఏమైనా ఉంటే తీర్చి, రెండే అడగండి: డొమైన్ లాక్ తీయమని, వేరే ఖాతాలోకి మార్చడానికి కావాల్సిన ఆథ్ కోడ్ ఇవ్వమని. ఆ కోడ్ మీ చేతికొస్తే మీ సొంత ఖాతాలోకి మార్చుకోవచ్చు, సాధారణంగా ఐదారు రోజుల పని. వెళ్లేటప్పుడు సైట్ బ్యాకప్ కూడా అడిగి తెచ్చుకోండి.

గడువు దాటితే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి. చాలా రిజిస్ట్రార్లు కొన్ని రోజులు ఆగుతారు. ఆ తర్వాత పేరు తొలగిపోయినా డాట్ కామ్ లాంటి వాటికి 30 రోజుల రిడెంప్షన్ గడువు ఉంటుంది, అదనపు రుసుము కట్టి విడిపించుకోవచ్చు. అదీ దాటితే ఇంకో 5 రోజులు, ఆపైన ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాళ్లకు ఆ పేరుతో మెయిల్ పెట్టుకునే వీలు కూడా వస్తుంది. మీ పాత కస్టమర్లు పంపే ఆర్డర్లు వాళ్ల చేతికి వెళ్తాయి. ఈ ప్రమాదం గురించి ఎవరూ చెప్పరు, అందుకే నొక్కి చెబుతున్నాను.

మీ ఖాతాలోకి వచ్చాక ఆటో రెన్యూవల్ పెట్టండి. ఒకేసారి 10 ఏళ్ల వరకు కట్టుకోవచ్చు. రిజిస్ట్రార్ ఖాతాకు ఇచ్చే మెయిల్ మాత్రం అదే డొమైన్ మీద ఉన్నది కాకూడదు. డొమైన్ ఆగిన రోజున ఆ మెయిల్ కూడా ఆగిపోతుంది, ఇక పాస్‌వర్డ్ మార్చుకునే దారే ఉండదు. తాళం లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు అవుతుంది.

ప్రశ్న: నేను ఇంటి నుంచి ఖాతాలు రాసిపెట్టే పని చేస్తాను. సైట్ వర్డ్‌ప్రెస్‌లో చేయించాలా, నెలనెలా డబ్బు కట్టి వాడుకునే సైట్ బిల్డర్‌లో నేనే చేసుకోవాలా, కోడ్ రాసేవాళ్ల చేత చేయించాలా? ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు.

జవాబు: ఒక్కొక్కరూ తమకు వచ్చిన పనే చెబుతారమ్మా. మీరు వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆరు నెలల తర్వాత ఈ సైట్‌లో ఒక వాక్యం మార్చాల్సి వస్తే ఎవరు మారుస్తారు?

"నేనే, నాకు టెక్నికల్‌గా ఏమీ రాదు" అయితే బిల్డర్ తీసుకోండి. అప్‌డేట్లు, భద్రత వాళ్లే చూసుకుంటారు. నెలనెలా కట్టాలి, రేపు వేరే చోటికి మారాలంటే డిజైన్ మీతో రాదు, రాతలు ఫొటోలు మాత్రమే తెచ్చుకోగలరు. ఆ సంగతి తెలిసి దిగితే ఇబ్బంది లేదు. వర్డ్‌ప్రెస్ సైట్లు తయారుచేయడానికి 2003లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్, సైట్‌ను ఏ హోస్టింగ్‌కైనా తీసుకెళ్లొచ్చు. వ్యాసాలు రాస్తూ పేజీలు పెంచుకుంటూ పోయే ఉద్దేశం ఉంటే అదే మంచిది. అయితే దాన్ని పెంచి పోషించాలి. ప్లగిన్లు (అదనపు పనుల కోసం జోడించే చిన్న ప్రోగ్రాములు) అప్‌డేట్ చేయకుండా ఏడాది వదిలేసిన వర్డ్‌ప్రెస్ సైట్లలోకి హ్యాకర్లు చొరబడటం నేను చాలాసార్లు చూశాను. ప్లగిన్లు పది దాటితే ఒక్కోదాన్నీ ఇది లేకపోతే ఏమవుతుందని అడగండి. సగం తీసేయొచ్చు.

ఐదు పేజీలు, ఏడాదికి రెండు మార్పులు చాలనుకుంటే, వర్డ్‌ప్రెస్ లాంటి సాఫ్ట్‌వేర్ లేకుండా నేరుగా కోడ్‌తో రాసే సాదా హెచ్‌టీఎంఎల్ పేజీలు చేయించుకోవచ్చు. వేగంగా తెరుచుకుంటాయి, పాడవడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు. మార్చడానికి మాత్రం చేసిన మనిషి అందుబాటులో ఉండాలి. మీ పనిని బట్టి చూస్తే నేనైతే బిల్డర్‌తో మొదలుపెట్టమంటాను. దేనిలో చేసినా, సైట్‌కీ చూసేవాళ్లకీ మధ్య వెళ్లే సమాచారాన్ని ఇంకెవరూ చదవకుండా కాపాడే హెచ్‌టీటీపీఎస్ ఉందో లేదో చూసుకోండి. 2018 జులై నుంచి క్రోమ్ అది లేని సైట్ పక్కన "సురక్షితం కాదు" అని చూపిస్తోంది. ఖాతాలు అప్పగించబోయే మనిషికి ఆ మాట కనిపిస్తే ఇంకేం నమ్ముతారు? దానికోసం ఎవరైనా పెద్ద మొత్తం అడిగితే ఇవ్వకండి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ దానికి కావాల్సిన సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తుంది.

ప్రశ్న: మాది ఫొటో స్టూడియో. సైట్ కంప్యూటర్‌లో అద్భుతంగా ఉంది. ఫోన్‌లో తెరిస్తే చాలాసేపు తెల్లగా ఉండిపోతోంది. హోస్టింగ్ మార్చమంటున్నారు.

జవాబు: హోస్టింగ్ జోలికి వెళ్లకముందు హోమ్ పేజీలో ఉన్న ఫొటోల సైజు చూడండి. మీ సైట్ తెరిచి చూశాను, కాబట్టి ఊహించి చెప్పడం లేదు. పైన తిరిగే స్లైడర్‌లో ఏడు ఫొటోలు, కెమెరా నుంచి తీసినవి తీసినట్టే ఎక్కించారు. ఒక్కోటీ దాదాపు 6 ఎంబీ, 6000 పిక్సెళ్ల వెడల్పు. ఫోన్ తెరకు అందులో మూడో వంతు కూడా అక్కర్లేదు. చూసేవాళ్లు మొదటి ఫొటో దాటకుండానే ఏడూ దిగుమతి అవుతున్నాయి.

స్లైడర్ తీసేయండి. మీ పనిలో మీరు గర్వపడే ఫొటో ఒక్కటి ఎంచుకోండి. దాన్ని 1600 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి వెబ్‌పీలో సేవ్ చేయండి. గూగుల్ 2010లో తెచ్చిన ఫార్మాట్ అది, ఇప్పుడు వాడుకలో ఉన్న బ్రౌజర్లన్నీ చూపిస్తాయి. 200 కేబీ దగ్గరికి వస్తుంది. ఫొటోగ్రాఫర్‌గా మీకు మనసొప్పదని తెలుసు. ఫోన్ తెర మీద రెండూ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా మీకే దొరకదు. గ్యాలరీలో కింద ఉన్న ఫొటోలు అక్కడికి చేరినప్పుడే దిగేలా లేజీ లోడింగ్ పెట్టించండి. పైనున్న ఆ మొదటి ఫొటోకు మాత్రం అది పెట్టకూడదు, పెడితే ఇంకా ఆలస్యమవుతుంది.

గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో సైట్ అడ్రస్ ఇస్తే మూడు కొలతలు వస్తాయి. పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలో కనిపించాలి. నొక్కితే 200 మిల్లీసెకన్లలో స్పందన కనిపించాలి, ఈ కొలత 2024 మార్చిలో కొత్తగా చేరింది. మూడోది పేజీ కుదుపు, 0.1 దాటకూడదు. ఈ కుదుపు అంటే ఏమిటో మీ సైట్‌లోనే తెలిసింది. "ఫోన్ చేయండి" బటన్ నొక్కుదామని నేను వేలు ఆనించేలోపు పైన ఫొటో దిగింది, బటన్ కిందకి జారింది, నా వేలు ప్రకటన మీద పడింది. ప్రతి ఫొటోకూ వెడల్పు, ఎత్తు కోడ్‌లో రాయిస్తే బ్రౌజర్ ముందే చోటు అట్టిపెడుతుంది. ఆ ఇబ్బంది పోతుంది.

ఇవన్నీ చేశాక కూడా నెమ్మదిగా ఉంటే అప్పుడు హోస్టింగ్ గురించి ఆలోచిద్దాం.

ప్రశ్న: పాత సైట్ తీసేసి మూడు నెలల కిందట కొత్తది పెట్టాం. అందరూ బాగుందన్నారు. కానీ సెర్చ్ నుంచి వచ్చే ఎంక్వైరీలు పూర్తిగా ఆగిపోయాయి. కొత్త సైట్ కదా, కొన్నాళ్లు పడుతుందని చేసినవాళ్లు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: కొంత ఊగిసలాట మామూలే. మూడు నెలలు పూర్తిగా ఆగిపోవడం మాత్రం మామూలు కాదు. ఏదో ఒక తలుపు మూసి ఉంది.

ఇది నా చేతుల మీదుగా జరిగిన తప్పే, అందుకే వెంటనే గుర్తుపట్టాను. 2016లో ఒక కుటుంబ వ్యాపారానికి సైట్ మళ్లీ కట్టిచ్చాను. కడుతున్నప్పుడు సగం సగం పేజీలు సెర్చ్‌లో కనిపించకూడదని వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట ఒక టిక్ పెట్టాను. సెర్చ్ ఇంజన్లు ఈ సైట్‌ను చూపించవద్దని చెప్పే టిక్ అది. సైట్ విడుదల చేసిన రోజు అన్నీ చూసుకున్నాను, ఆ టిక్ తీయడం మరిచిపోయాను. ఐదు వారాల తర్వాత ఆ ఇంటి పెద్దాయన ఫోన్ చేసి, "అమ్మా, ఫోన్ మోగడం లేదు, మా లైన్ పాడైందేమోనని కూడా చూపించాను" అన్నారు. ఆ మాట విన్న క్షణం గుండె జారిపోయింది. టిక్ తీయడం ఒక్క నిమిషం పని. పోయిన పేజీలు తిరిగి రావడానికి ఇంకో నెల పట్టింది. ఆ రెండు నెలల నష్టం వాళ్లు భరించారు, నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి విడుదల రోజున చూసుకునే కాగితంలో మొదటి గీత అదే.

మీరు ఇప్పుడే చూడగలరు. సైట్ తెరిచి, పేజీ వెనక ఉన్న కోడ్ చూపించే వ్యూ సోర్స్ నొక్కి, నోఇండెక్స్ అనే మాటను ఇంగ్లిష్‌లో వెతకండి. దొరికితే జబ్బు దొరికినట్టే. రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ ఫైలు కూడా చూడండి, సెర్చ్ ఇంజన్లు ఏ పేజీల్లోకి రావచ్చో చెప్పే ఫైలు అది, అందులో సైట్ మొత్తాన్ని ఆపే గీత ఒకటి మిగిలిపోయి ఉండొచ్చు. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మీ పేజీ అడ్రస్ ఇస్తే ఎందుకు చూపించడం లేదో అదే చెబుతుంది. ఉచితం.

ఈ రెండూ కాకపోతే అనుమానం పాత అడ్రస్‌ల మీదే. కొత్త సైట్‌లో పేజీల అడ్రస్‌లు మారి ఉంటాయి. ఏళ్ల తరబడి పాత అడ్రస్‌లకు వచ్చిన పేరు, బయటి సైట్లు ఇచ్చిన లింకులు, కస్టమర్లు దాచుకున్న బుక్‌మార్కులు అన్నీ ఇప్పుడు 404 (ఆ పేజీ లేదు) అనే గోడకు కొట్టుకుంటున్నాయి. ఇల్లు మారినప్పుడు పోస్టాఫీసులో కొత్త చిరునామా ఇచ్చినట్టే, ప్రతి పాత అడ్రస్‌కూ 301 అనే శాశ్వత దారిమళ్లింపు పెట్టాలి. ఎక్సెల్ షీట్‌లో ఒక వరసలో పాతవి, పక్కన వాటికి సరిపోయే కొత్తవి రాయించండి. అన్నిటినీ హోమ్ పేజీకి మళ్లించేస్తే పని తేలిక, కానీ ఫలితం ఉండదు. గూగుల్ అలాంటివాటిని లేని పేజీలుగానే లెక్కవేస్తుంది. వచ్చిన మనిషికీ వెతికింది దొరకదు. పాత సైట్ కాపీ మీ దగ్గర లేకపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషిన్‌లో చూడండి, చాలా పేజీలు అక్కడ ఉంటాయి. దారిమళ్లింపులు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. నేను ఎప్పటికీ తీయను.

ప్రశ్న: మేడం, సైట్ చూసేవాళ్లు బాగానే ఉన్నారని లెక్కల్లో కనిపిస్తోంది. కానీ కాంటాక్ట్ ఫారం నింపి పంపేవాళ్లే లేరు. నేను కార్యాలయాలకు ఇంటీరియర్ పనులు చేస్తాను.

జవాబు: మీ ఫారంలో పద్నాలుగు గడులున్నాయి. లెక్కపెట్టాను. సంస్థ పేరు, హోదా, రెండో ఫోన్ నంబరు, పిన్ కోడ్, బడ్జెట్, మా గురించి ఎలా తెలిసింది. ఇవన్నీ మీకు కావాల్సినవే, కానీ మొదటి పరిచయంలో కాదు. పేరు, ఫోన్, ఏం పని కావాలి, ఈ మూడు చాలు. మిగతావి మీరు తిరిగి ఫోన్ చేసినప్పుడు అడగండి.

ఒక పని చేయండి. మీ సైట్ ఎప్పుడూ చూడని మనిషిని కూర్చోబెట్టి, వాళ్ల ఫోన్‌లోనే ఆ ఫారం నింపమనండి. మీరు పక్కన కూర్చోండి, నోరు మాత్రం తెరవకండి. ఇది చెప్పినంత తేలిక కాదు, "అక్కడ నొక్కండి" అనబోతారు. నేను ఈమధ్య ఇలాగే ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను. గడి మీద నొక్కగానే అందులో లేతగా రాసున్న "మీ ఫోన్ నంబరు" అనే మాట మాయమైంది. ఆవిడ ఇక్కడ ఏం రాయాలో మరిచిపోయి, వెనక్కి చెరిపి, మళ్లీ చూసి, మళ్లీ నొక్కారు. తర్వాత నంబరు మధ్యలో ఖాళీ వదిలారని ఫారం ఒప్పుకోలేదు. ఎర్ర అక్షరాల్లో "తప్పు" అని మాత్రమే వచ్చింది, అప్పటిదాకా రాసిందంతా చెరిగిపోయింది. ఆవిడ ఫోన్ నా చేతికిచ్చి, "నాకు చేతకాదమ్మా" అన్నారు. తప్పు ఫారంది, బాధ ఆవిడది. అది చూసి నాకు కడుపు తరుక్కుపోయింది.

కాబట్టి గడి పేరు గడి పైన, ఎప్పుడూ కనిపించేలా రాయించండి. లేత బూడిద రంగు అక్షరాలు మానండి. అక్షరానికీ వెనక రంగుకీ మధ్య తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి, కొలిచే ఉచిత పనిముట్లు ఉన్నాయి. ఖాళీలు, గీతలు ఉన్న నంబరునూ ఫారం ఒప్పుకోవాలి. తప్పు దొర్లితే ఏం తప్పో చెప్పాలి, రాసింది చెరపకూడదు. పక్కనే నొక్కితే నేరుగా కాల్ వెళ్లే నంబరు, వాట్సాప్ లింకు పెట్టండి. పంపాక "ధన్యవాదాలు" దగ్గర ఆగిపోకుండా, ఎప్పటిలోగా ఫోన్ చేస్తారో రాయండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఇలా ఐదుగురి చేత చేయించి చూస్తే పెద్ద లోపాలు దాదాపు అన్నీ బయటపడతాయి.

ఇంకో అనుమానం కూడా ఉంది. జనం ఫారం పంపుతూనే ఉండి, అది మీకు చేరకపోతూ ఉండొచ్చు. చాలా ఫారాలు, నింపినవాళ్ల మెయిల్ అడ్రస్ నుంచే వచ్చినట్టుగా మీకు మెయిల్ పంపుతాయి. మెయిల్ సర్వర్‌కు అది దొంగ ఉత్తరంలా కనిపించి స్పామ్‌లో పడేస్తుంది, ఒక్కోసారి అక్కడికీ రానివ్వదు. పంపే అడ్రస్ మీ సొంత డొమైన్‌ది అయ్యుండాలి, జవాబు వెళ్లే చోట మాత్రమే కస్టమర్ అడ్రస్ ఉండాలి. డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని చూపించేవి) పెట్టారా అని మీ సైట్ చూసేవాళ్లను అడగండి. వచ్చిన ప్రతి ఫారం మెయిల్‌తో పాటు సైట్ లోపల కూడా ఒక కాపీగా దాచేలా పెట్టించండి. ఈ జవాబు చదివిన వెంటనే స్పామ్ ఫోల్డర్ తెరవండి, ఎంత వెనక్కి ఉంటే అంత వెనక్కి వెళ్లండి. అక్కడ ఎవరైనా కనిపిస్తే ఆలస్యమైందని చెప్పి ఫోన్ చేయండి, కొందరికి ఇంకా పని మిగిలే ఉంటుంది. ఇకనుంచి ప్రతి నెలా ఒకటో తారీఖున మీ ఫారం మీరే నింపి పంపి, చేరిందో లేదో చూసుకోండి. నేను కట్టిన సైట్లన్నిటికీ నేనూ అదే రోజు పంపుతాను, ఫోన్‌లో ఉదయం తొమ్మిదింటికి రిమైండర్ మోగుతుంది.